పాలకేంద్రం కంప్యూటరు మార్చేటప్పుడు పాత లెక్కలను కాపాడుకోవడం ఎలా?

మీరు పాలు పోసిన ప్రతి పూటా తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., దానికి కట్టిన వెల సంఘం కంప్యూటరులో నమోదవుతాయి. మీ చేతికి వచ్చేది చిన్న చీటీ. అసలు లెక్క కంప్యూటరు లోపలి డిస్కులో ఉంటుంది. ఆ డిస్కు చెడితే పాల బిల్లు ఆగిపోతుంది. కనుక కంప్యూటరు మార్పు గురించి కార్యదర్శితో పాటు సభ్యులందరూ తెలుసుకోవడం అవసరం.

ముత్తుకూరు వంటి సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి, తేమ యంత్రాలను త్వరగా తినివేస్తాయి. కరెంటు హెచ్చుతగ్గులు దీనికి తోడు. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో డిస్కు పూర్తిగా చెడిన తరువాత గాని మార్పు ఆలోచన రాలేదు. సభ్యుల చీటీలు, పాసు పుస్తకాలు పోగుచేసి ఆ బిల్లు మళ్లీ రాయవలసి వచ్చింది. చీటీలు దాచుకోనివారి లెక్క సరిగా తేలలేదు. వారిలో ఒక్క గేదె మీద ఆధారపడినవారే ఎక్కువ.

కొత్త కంప్యూటరు కొన్నాక పాతదానిలోని ఫైళ్లను పెన్‌డ్రైవుతో ఎక్కిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. అలా ఎక్కిస్తే లెక్కల ఫైళ్లు వస్తాయి గాని, యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ రాదు. యంత్రాన్ని మేల్కొలిపే భాగం డిస్కులో కంటికి కనపడకుండా ఉంటుంది. దానితో సహా డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్లుగా మరొక డిస్కుపై దింపుకోవడాన్ని డిస్కు క్లోనింగు అంటారు. తైవాన్‌లోని జాతీయ కంప్యూటింగు కేంద్రంలో తయారైన క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాము ఇందుకు ఉచితంగా దొరుకుతుంది. ఈ పనిలో గమనించవలసినవి:

1. ముందుగా లెక్కల ఫైళ్లను వేరుగా పెన్‌డ్రైవులో భద్రపరచాలి. క్లోనింగులో డిస్కులోని సమాచారమంతా చదవవలసి ఉంటుంది. బలహీనపడిన డిస్కు ఆ శ్రమకే ఆగిపోవచ్చు.

2. కొత్త డిస్కు పాతదానికి సమానంగా గాని, పెద్దదిగా గాని ఉండాలి.

3. ఏది పాత డిస్కు, ఏది కొత్తది అనేది ఇద్దరు కలిసి చూసి నిర్ధారించాలి. దిశ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి లెక్కల డిస్కును తుడిచివేస్తుంది. దానిని వెనక్కు తేవడం సాధ్యం కాదు.

4. సాయంత్రం పాల సేకరణ ముగిశాక, బిల్లు పంపిణీ అయిన మరునాడు ఈ పని పెట్టుకోవడం మేలు.

కొత్త పాకకు తోలిన గేదె మొదటి రోజు సరిగా చేపదు. కొత్త కంప్యూటరులో పాత సిస్టమ్ కూడా అంతే. లోపలి భాగాలు మారినందున వాటికి తగిన డ్రైవర్లు వేయాలి. పాత పద్ధతి డిస్కు నుంచి కొన్ని కొత్త యంత్రాలు అసలు లేవవు. అప్పుడు డిస్కు అమరికను తెలిసినవారి చేత మార్పించాలి. తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం సాధారణంగా సీరియల్ పోర్టుకు కలిపి ఉంటాయి. కొత్త కంప్యూటర్లలో అది తరచు ఉండదు. యు.ఎస్.బి. కన్వర్టరు కొని, పోర్టు నంబరును పాతదే ఉంచాలి.

మరొక సంగతి. క్లోనింగుతో పాత సిస్టమ్‌లోని మంచితో పాటు చెడు కూడా వస్తుంది. వైరస్ ఉంటే అదీ వస్తుంది. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పాత కంప్యూటరుతో కలిసి వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే చెందుతుంది. వేరే యంత్రానికి చెల్లదు. అందుచేత క్లోనింగును బిల్లు ఆగకుండా గట్టెక్కించే సాధనంగా చూసి, కొత్త లైసెన్సు, కొత్త సిస్టమ్ ఖర్చును పాలకవర్గం అంచనాలో చేర్చుకోవాలి.

పని పూర్తయ్యాక సభ్యుల ఎదుట మూడు పరీక్షలు చేయాలి. తెలిసిన బరువును తూచి చూడాలి. ఒకే నమూనా పాలను రెండుసార్లు పరీక్షించి అంకెలు పోల్చాలి. ఇద్దరు ముగ్గురు సభ్యుల గత బిల్లును తెరపై తీసి, వారి పాసు పుస్తకాలతో సరిచూడాలి.

పాత డిస్కును రెండు బిల్లులు సక్రమంగా పంపిణీ అయ్యేవరకు బీరువాలో ఉంచాలి. ఆ తరువాత కూడా పాత సామానుకు అమ్మరాదు. అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి. పూర్తిగా చెరిపించి, ఆ విషయం మినిట్సు పుస్తకంలో నమోదు చేయాలి.

సభ్యులు ప్రతి పూట చీటీని బిల్లు చేతికందేవరకు దాచుకోవలసిందిగా కోరుతున్నాము. వచ్చే సర్వసభ్య సమావేశంలో, సంఘం కంప్యూటరు వయసెంత, లెక్కల నకలు ఎక్కడ ఉంది అని అడగండి. అడగడం మీ హక్కు, చూపడం పాలకవర్గం బాధ్యత.