గాలానికి ఏ ఎర?

వేసవిలో సిరిసిల్ల దగ్గర మానేరు మడుగుల్లోను, జగిత్యాల, కోరుట్ల పల్లెల చెరువుల్లోను గాలాలు వేసేవారిని మీరు చూసే ఉంటారు. ఒకే గట్టున కూర్చున్నా ఒకరికి చేప పడుతుంది, పక్కవారికి పడదు. ఇది అదృష్టమేనా? కాదు. చేప నోరు చూస్తే సగం రహస్యం తెలిసిపోతుంది.

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది పైనీటిలో మేస్తుంది. రవ్వు నోరు కాస్త కిందికి వంగి ఉంటుంది. అది ఇంకొంచెం లోతున మేస్తుంది. రెండింటికీ తవుడు కలిపిన పిండిముద్ద చాలు. దారానికి కట్టిన జొన్నబెండును జరిపి ఎరను కావలసిన లోతులో నిలపవచ్చు. బెండు నిండా గాలి గదులే కనుక అది తేలుతుంది. చేప లాగగానే మునుగుతుంది.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను సంగతి వేరు. దానిది పెద్ద నోరు, పదునైన పళ్లు. కదిలే జీవులను వేటాడుతుంది. దాని ఒంటి పక్కనున్న పార్శ్వరేఖ నీటిలోని చిన్న కదలికనూ పసిగడుతుంది. అందుకే కప్ప ఆకారపు రబ్బరు ఎరను నీటిమీద గెంతిస్తూ లాగుతారు. దారం గట్టిదై ఉండాలి. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది. ఎర వేయవలసిన చోటు అదే.

అయితే ఒక్క మాట. నీటిపై ఎర్రని చేపపిల్లల గుంపు కనిపిస్తే గాలం తీసేయండి. కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. పిల్లల దగ్గరకు వచ్చిన దేనిమీదకైనా దూకుతాయి కనుక అవి తేలికగా చిక్కుతాయి. అవి పోతే పిల్లలు ఇతర చేపలకు ఆహారమవుతాయి. ఎప్పుడు వేయకూడదో తెలిసినవాడే మంచి గాలగాడు!