గుండెదడ

మా యెరుకలోని యొక యిల్లాలు కొంతకాలము క్రిందట మా యింటికి వచ్చి, నాలుగు మెట్లెక్కి కూర్చుండి, పది నిమిషములు గడచినను ఱొమ్ముమీది చేయి తీయలేదు. ఏమని యడుగగా, "ఏమియు లేదండి, ఊరక దడ. ఆరునెలలనుండి యిట్లే యున్నది. ఇంటిలో చెప్పినచో నీకన్నిటికిని కంగారే యందురు" అని నవ్వెను. ఆ నవ్వు మాకు నచ్చలేదు. గడియారము ముందిడుకొని యామె నాడిని లెక్కించితిమి. నిమిషమునకు 118. పరుగెత్తి వచ్చినవారికి 118 వింత గాదు. కుర్చీలో కూర్చుండి మాటలాడుచున్న 40 ఏండ్ల యామెకు వింతయే.

ఆమె సంగతి తరువాత చెప్పెదము. ముందుగా లెక్క తెలిసికొందము.

విశ్రాంతిగా నున్న పెద్దలకు గుండె నిమిషమునకు 60 మొదలు 100 సారులవఱకు కొట్టుకొనుట సహజము. అప్పుడే పుట్టిన శిశువునకు 120, 140 ఐనను భయము లేదు. వయసు పెరిగినకొలది తగ్గును. బాగుగా వ్యాయామము చేయువారికి 50 కూడ నుండవచ్చును. కొట్టుకొనిన ప్రతిసారియు గుండె సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును బయటికి నెట్టును. అనగా నిమిషమునకు రమారమి 5 లీటర్లు. శరీరమున కింతకంటె నెక్కువ కావలసి వచ్చినప్పుడో, రక్తము తగ్గినప్పుడో, రక్తములోని సారము తగ్గినప్పుడో గుండె తన వేగమును పెంచి యా లోటును పూడ్చుకొనును. కావున దడ చాలసారులు మఱియొకచోటనున్న లోపమునుగూర్చి గుండె పంపిన కబురు. ఈ కబురును మన యిండ్లలో 'నరముల బలహీనత' యనియో 'దిగులు' అనియో పేరుపెట్టి మూలకు త్రోయుట చూచియే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

పూర్వము వైద్యులు పురుషులకు కుడిచేతిని, స్త్రీలకు ఎడమచేతిని పట్టి నాడి చూచెడివారు. లెక్కించుటకు మాత్రము ఏ చేయియైనను సరియే. ఇంగ్లండులో జాన్ ఫ్లాయరు అను వైద్యుడు నాడిని లెక్కించుటకై నిమిషముపాటు నడచు గడియారమునే చేయించి, 1707లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. నేడు సెకనులు చూపని సెల్‌ఫోను లేదు. ఐనను లెక్కించువారు తక్కువ.

పని చేసినవెంటనే గాని, కాఫీ త్రాగినవెంటనే గాని చూడరాదు. ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండి, బొటనవ్రేలి మొదలికి దిగువ మణికట్టుమీద రెండు మూడు వ్రేళ్లను మెల్లగా నానింపవలెను. బొటనవ్రేలితో చూడరాదు, దానికి తన నాడి యున్నది. 30 సెకనులు లెక్కించి రెట్టింపు చేసినచో చాలును. తాళము తప్పుచున్నట్లు తోచినయెడల నిండు నిమిషము లెక్కింపవలెను. వ్రేలికి తగిలించు యంత్రములును, చేతికి కట్టుకొను క్రొత్త గడియారములును అంకెను చూపును గాని, చేయి చల్లగా నున్నను, కదలినను తప్పు చెప్పవచ్చును. తొందర కలిగించు అంకె కనబడినప్పుడు వ్రేళ్లతో మఱల చూచుట మేలు.

ఇక కారణములు. మన దేశపు స్త్రీలలో మొట్టమొదట తలపవలసినది రక్తహీనత. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము తక్కువ. ప్రాణవాయువును మోయునది రక్తమందలి హిమోగ్లోబిన్. గర్భము లేని స్త్రీకి అది డెసిలీటరునకు 12 గ్రాములు, గర్భవతికి 11 గ్రాములు ఐనను ఉండవలెను. చిన్న చెంబుతో గోలెము నింపవలసినచో బావికి నెక్కువసారులు పోవలెను గదా! రక్తము పలుచబడినవారి గుండె చేయుపని అదియే. ఆయాసము, తలతిరుగుడు, మెట్లెక్కిన దడ, అరచేతుల తెల్లదనము, కొందఱికి మట్టి, సుద్ద, బియ్యము తినవలెనను కోరిక, ఇవన్నియు దానితోడివే. ఇంటిల్లిపాదికిని వడ్డించి మిగిలినది తినునలవాటు దీనికి తోడ్పడుచున్నదని వేఱుగ చెప్పనేల?

రెండవది థైరాయిడు గ్రంథి యధికముగా పనిచేయుట. ఆకలి బాగుగనే యుండి బరువు తగ్గుట, చేతులు వణకుట, ఉక్కకు తాళలేకుండుట, ఋతుక్రమము చెడుట దీని గుర్తులు. దిగులువలని దడ నిద్రలో నణగును. థైరాయిడువలని వేగము నిద్రలోగూడ చాలవఱకు నిలుచును. పడుకొనినవారి చేయి పట్టి చూచుట తల్లులకు క్రొత్త గాదు.

జ్వరములో ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి నాడి సుమారు 10 పెరుగును. వాంతులు, విరేచనములు, వడదెబ్బలలో నీరు పోయి పెరుగును. ఉబ్బసమునకు పీల్చు మందులు, ముక్కుదిబ్బడ మాత్రలు, మోతాదు మించిన థైరాయిడు మాత్రలు, పదేపదే త్రాగు కాఫీ కూడ పెంచును. డెంగీలో మాత్రమొక మెలిక గలదు: జ్వరము తగ్గినదని యందఱును సంతోషించు సమయముననే నాడి వేగముగను సన్నముగను కొట్టుచు, చేతులు చల్లబడి, కడుపునొప్పి వచ్చినచో అది యపాయము, క్షణమాలస్యము కూడదు.

గర్భవతులకు 10 మొదలు 20 వఱకు పెరుగుట సహజము. వారి శరీరమందలి రక్తరాశి నూటికి 40, 50 వంతులు అధికమగును. కాని వెల్లకిల పడుకొనలేకపోవుట, రాత్రి దగ్గుతో లేచి కూర్చుండుట సహజములు గావు. చిన్ననాటి కీళ్లవాతపు జ్వరమువలన చెడిన గుండెకవాటము కొందఱిలో గర్భము వచ్చినప్పుడే బయటపడును. ప్రసవమైన తరువాత రక్తస్రావ మధికమైనచో రక్తపుపోటు పడిపోవుటకు ముందే నాడి పరుగిడును. బాలింత నాడి వేగముగా నున్నదన్న 'అలసట' యని దుప్పటి కప్పి వదలుట మిక్కిలి ప్రమాదము. ఆమెకు హఠాత్తుగా ఆయాసము వచ్చుట, ఒకకాలు మాత్రము వాచుట కనబడినచో ఊపిరితిత్తులకు రక్తపుగడ్డ పోయెనేమో చూడవలెను.

గుండెయందలి విద్యుత్తు త్రోవ తప్పుటవలన వచ్చు దడ వేఱు. మీట నొక్కినట్లు ఒక్కసారిగా మొదలై, 150 మొదలు 220 వఱకు పరుగెత్తి, ఒక్కసారిగా నాగిపోవును. ఆసుపత్రి చేరునప్పటికి మాయమగుటచే రోగియే యబద్ధమాడినట్లగును! దడ యున్నప్పుడే దగ్గఱలో ఇ.సి.జి. తీయించుకొనగలిగిన నది వైద్యునికి గొప్ప సాక్ష్యము. తాళము పూర్తిగా తప్పిన నాడియు ఉపేక్షింపదగినది గాదు. దానివలన పక్షవాతము రావచ్చును.

దడతో ఱొమ్మున నొప్పి గాని బరువు గాని, సొమ్మసిల్లుట, ఊపిరాడకుండుట, మాట తడబడుట ఉన్నచో 108 బండిని పిలువవలెను. నాడి 120 దాటి విశ్రాంతితో తగ్గకున్న ఆనాడే వైద్యుని చూడవలెను. ఇతర బాధ లేకున్నను, వారముదినములు ఉదయ సాయంకాలములు వ్రాసికొన్న లెక్కలు 100కు పైన నుండినచో ఆ కాగితముతో పోవలెను. మనోవ్యాకులతవలనగూడ దడ వచ్చును. అదియు నిజమైన బాధయే. కాని యా తీర్పు రక్తపరీక్ష, థైరాయిడు పరీక్ష, ఇ.సి.జి. చూచిన తరువాత చెప్పదగినది.

మొదట చెప్పిన యిల్లాలి హిమోగ్లోబిన్ 7 గ్రాములు. కారణమడుగగా నెలకు తొమ్మిదిదినముల ఋతుస్రావము, గర్భసంచిలో గడ్డ. ఆ మాట భర్తతో గాని అత్తగారితో గాని ఆమె యెన్నడును చెప్పలేదు, ఎవరును అడుగలేదు. గడ్డకు వైద్యము జరిగెను. ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రల నిచ్చిరి. (1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ పరిశోధకులకు నాయకులు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.) ఇవి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా దొరకును. కాఫీ, టీలతో మ్రింగరాదు. మలము నల్లబడినచో వెఱవరాదు. రక్తము సరిపడిన తరువాతగూడ, వైద్యుడు చెప్పినట్లు, కొన్ని నెలలు వాడవలెను. మూడవనెలలోనే మానివేయబోయిన యామెను మేము మందలింపవలసి వచ్చెను.

మొన్న మఱల వచ్చినప్పుడు నాడి 82. తన కాలేజీ కూతురిని వెంటబెట్టుకొని వచ్చి, "దీనిదిగూడ ఒకసారి లెక్కపెట్టండి" అనెను.