ఇంజను ఆగాక మిగిలే నాలుగు నిమిషాలు

నల్లమల పక్కనున్న ఆత్మకూరు మీదుగా ఒక సెస్నా 172 పోతోందనుకుందాం. నలుగురు పట్టే చిన్న విమానం, ఉన్నది ఒక్కటే ఇంజను. నేలకు 3,000 అడుగుల ఎత్తున అది ఆగిపోయింది. ఇక విమానం అమాంతం కూలుతుందని చాలామంది అనుకుంటారు. కూలదు. దాన్ని గాలిలో నిలిపేది రెక్కల మీదుగా పారే గాలి. అందుకు కావలసిన వేగం ఇవ్వడమే ఇంజను పని. ఇంజను ఆగినప్పుడు పైలట్ విమానం ముక్కు కాస్త దించి, దాచుకున్న డబ్బులాంటి ఎత్తును కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టి వేగం కొనుక్కుంటారు. గంటకు 120 కిలోమీటర్ల దగ్గర ఈ బేరం బాగా గిడుతుంది. వెయ్యి అడుగులు దిగేలోగా విమానం రెండున్నర కిలోమీటర్లకు పైగా ముందుకు జారుతుంది. అంటే మొత్తం ఏడెనిమిది కిలోమీటర్ల దూరం, నాలుగు నిమిషాల సమయం.

ఈ నాలుగు నిమిషాల్లో చేయకూడనిది ఒకటుంది. నేల దగ్గరవుతుంటే ముక్కు పైకెత్తాలనిపిస్తుంది. ఎత్తితే వేగం పడిపోతుంది, గాలి రెక్కను వదిలేస్తుంది, విమానం ఒక పక్కకు ఒరిగి కూలొచ్చు. గాలి ఇలా రెక్కను వదిలేయడాన్నే స్టాల్ అంటారు.

సరే, దిగేదెక్కడ? తూర్పున నల్లమల, అంతా చెట్లూ గుట్టలే. పడమర నందికొట్కూరు వైపు నల్లరేగడి చేలున్నాయి. పైనుంచి అన్నీ చదునుగానే కనిపిస్తాయి కానీ, వాన పడ్డ రేగడిలో ముందు చక్రం దిగబడితే విమానం బోర్లాపడొచ్చు. శనగ కోసేసిన ఎండు చేను దొరికితే అదృష్టమే. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరుస చూసి పోల్చుకోవాలి.

గాలి ఎటు వీస్తోందో చూడటం కూడా చాలా ముఖ్యం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దిగే విమానం, 20 కిలోమీటర్ల గాలికి ఎదురుగా వస్తే నేలను 80తో తాకుతుంది, గాలివాటున వస్తే 120తో. తేడా కొంచెమే అనిపించవచ్చు. కానీ గుద్దుకునే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండో దెబ్బ మొదటిదానికి రెండింతలకు మించి ఉంటుంది. ఒకే చేను, ఒకే విమానం. ఏ కొసనుంచి దిగారన్నదే తేడా.

హెలికాప్టరు కూడా ఇంజను లేకుండా దిగగలదు. కిందికి జారుతుంటే ఎదురొచ్చే గాలే పైరెక్కలను తిప్పుతుంది, ఆ తిరుగుడులో నిలవున్న శక్తిని నేల దగ్గర వాడుకుని మెల్లగా దింపుతారు. అయితే 2009 సెప్టెంబరు 2న, ఆత్మకూరుకు ఆవల నల్లమలలో జరిగింది వేరు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు బేగంపేట నుంచి చిత్తూరు వెళ్తున్న బెల్ 430 హెలికాప్టరు పావురాలగుట్ట దగ్గర కూలి అయిదుగురూ చనిపోయారు. దానికి రెండు ఇంజన్లున్నాయి. వాటి వైఫల్యం వల్ల జరిగిన ప్రమాదం కాదది. బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని దర్యాప్తు కమిటీ తేల్చింది. అంతకు ముందు గేరుబాక్సు ఆయిల్ పీడనం గురించి హెచ్చరిక వచ్చింది. పైలట్లు దానికి పరిష్కారం వెతుకుతూ ముందున్న వాతావరణాన్ని గమనించలేకపోయారని కూడా ఆ కమిటీ చెప్పింది. 

ఇలా ఒకదాని మీదే దృష్టి చిక్కుకుపోకూడదనే, ఇంజను ఆగితే చేయాల్సిన పనుల్లో శిక్షణలో వరుస తప్పనివ్వరు. ముందు వేగం, తర్వాత చేను. ఆ రెండూ కుదిరాకే పెట్రోలు ట్యాంకు మీట, కార్బురెటర్ వేడి మీట సరిచూసి, ఇంజను మళ్లీ అందుకుంటుందేమో ప్రయత్నిస్తారు. ఆపైనే 121.5 మెగాహెర్ట్జ్‌లో ‘మేడే’ పిలుపు. చివర్లో పెట్రోలు, కరెంటు కట్టేసి, దిగే ముందే తలుపు గడియ తీసి పెడతారు, చట్రం వంగితే అది బిగుసుకుపోయి లోపలివాళ్లు బయటికి రాలేరు గనక.