చూపును చప్పుడు లేకుండా హరించే నీటికాసులు

బోయిన్‌పల్లి: తెల్లవారకముందే ఇక్కడి కూరగాయల మార్కెట్టుకు సరుకు తెచ్చే రైతులు కళ్లు మసకబారితే "శుక్లాలే, తర్వాత చూసుకోవచ్చు" అనుకోవడం కద్దు. శుక్లం తీయిస్తే చూపు వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు మాత్రం ఎంత ఖర్చు పెట్టినా రాదు.

కంటిలో నిత్యం ఊరే నీరు బయటికి పోయే దారి పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి చూపునరం దెబ్బతింటుంది. కాలువ పూడితే మడి మునిగినట్లే. చాపకింద నీరులా వచ్చే రకంలో నొప్పి ఉండదు. ముందుగా పక్కచూపు తరుగుతుంది గనుక ఎదుటి మనిషి బాగానే కనిపిస్తాడు. మోసమంతా అక్కడే ఉంది.

హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వారు 1996-2000 మధ్య నగరంలోను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను 10,293 మందిని పరీక్షించారు. నగరంలో ఈ రకం జబ్బు బయటపడినవారిలో నూటికి 90 మందికి పైగా అంతవరకు ఆ సంగతే తెలియదు. ఒత్తిడి మామూలుగా ఉన్నవారిలోనూ జబ్బు కనిపించింది. కాబట్టి ఒత్తిడి కొలిస్తే చాలదు. కంటి వెనుక నరాన్ని, పక్కచూపును కూడా పరీక్షించాలి.

రోజూ చుక్కల మందు వేసుకుంటే చాలామందికి ఉన్న చూపు నిలుస్తుంది. కొందరికి లేజరు, ఆపరేషను అవసరం. బాగానే ఉంది గదా అని మందు మానకూడదు. 40 దాటినవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉన్నవారు మార్కెట్టు పని ముగించుకుని మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు.