చెవి నరం గడ్డ ఆపరేషన్ తరువాత తూలు: మంచం మీద కాదు, నడకలోనే నయం



చెవి నరం మీది గడ్డకు ఆపరేషన్ చేయించుకొని కొండకు తిరిగివచ్చిన వారి కుటుంబాలు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది: "గడ్డ తీసేశారు కదా, ఇంకా ఎందుకు తూలుతున్నారు? ఆపరేషన్ సరిగ్గా జరగలేదా?" దీనికి మరో బాధ తోడవుతుంది. తూలుతూ నడిచేవారిని చూసి తాగి ఉన్నారని కొందరు, గాలి సోకిందని కొందరు అంటారు. ఆ మాటలకు సిగ్గుపడి రోగి గుమ్మం దాటడం మానేస్తారు. ఇంట్లోవారు ప్రేమతో "కదలకు, పడుకో" అంటారు. కానీ ఎక్కువ రోజులు పడుకుంటే ఈ తూలు తగ్గదు, నిలిచిపోతుంది. అందుకే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాము.

ఈ గడ్డ ఏమిటి?

దీనిని వైద్యులు అకౌస్టిక్ న్యూరోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు. లోపలి చెవి నుండి మెదడుకు వెళ్ళే ఎనిమిదవ నరం మీద, సాధారణంగా ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి కనబడే అరుదైన జబ్బు. ఒక చెవి మాత్రమే మందగించడం, అదే చెవిలో హోరు, నడకలో కొద్దిపాటి తూలు దీని ముఖ్య గుర్తులు. వయసువల్ల వచ్చే చెవుడు సాధారణంగా రెండు చెవులకూ వస్తుంది. కనుక ఒక చెవి మాత్రమే వినబడకపోతే "వయసు మీద పడింది" అని ఊరుకోవద్దు. వినికిడి పరీక్ష, ఎం.ఆర్.ఐ. స్కాన్ చేస్తే సంగతి తెలుస్తుంది.

గడ్డ చిన్నదైతే కొందరికి స్కాన్లు తీస్తూ గమనిస్తారు, కొందరికి రేడియేషన్ ఇస్తారు. పెద్దదై మెదడును నొక్కుతుంటే ఆపరేషన్ అవసరం. మన దేశంలో మెదడు, నరాల శస్త్రచికిత్స విభాగం మొట్టమొదట ఏర్పడినది ఒక మిషన్ ఆస్పత్రిలోనే. 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జేకబ్ చాందీగారు దానిని ప్రారంభించారు. ఇప్పుడు మన అరకువారికి విశాఖపట్నంలోనే మెదడు, నరాల సర్జన్లు ఉన్నారు.

గడ్డ పోయినా తూలు ఎందుకు?

మనం పడకుండా నిలబడడానికి మూడు ఆధారాలు ఉన్నాయి. ఒకటి లోపలి చెవి, రెండు కళ్ళు, మూడు పాదాలు, కీళ్ళ నుండి వచ్చే స్పర్శ. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగినా, వంగినా ఆ కబురు మెదడుకు పంపేవి ఇవే.

కావడి మోసేవారికి ఈ సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. రెండు తట్టలూ సమంగా ఉన్నంతసేపు బద్ద నిలకడగా ఉంటుంది. ఒక తట్ట తెగి పడితే బద్ద రెండో వైపుకు ఒరిగిపోతుంది. రెండు చెవుల నుండి మెదడుకు కబురు సమంగా అందుతున్నంత కాలం మనం స్థిరంగా ఉంటాము. ఈ గడ్డ సాధారణంగా సమతూకపు నరం పొర నుండే పుడుతుంది గనుక, గడ్డతోపాటు ఆ నరాన్ని కూడా చాలాసార్లు తీయవలసి వస్తుంది. ఒక చెవి కబురు ఒక్కసారిగా ఆగిపోతుంది. తల కదలకపోయినా తిరుగుతున్నట్టు మెదడు భ్రమపడుతుంది. కళ్ళు తిరగడం, వాంతులు, తూలు అందుకే. ఆపరేషన్ చెడిపోయిందని దీని అర్థం కాదు.

ఆ మొదటి తిప్పుడు అందరికీ ఒకే విధంగా ఉండదు. గడ్డ ఆ నరాన్ని ముందే చాలావరకు దెబ్బతీసి ఉంటే మెదడు అప్పటికే కొంత అలవాటుపడి ఉంటుంది, తిప్పుడు తక్కువగా ఉంటుంది. నరం ఇంకా బాగా పనిచేస్తుండగా తీసినవారికి ఎక్కువగా ఉంటుంది.

మెదడు ఎలా నేర్చుకుంటుంది?

తీసివేసిన నరం తిరిగి మొలవదు. కానీ మిగిలిన చెవితో, కళ్ళతో, పాదాలతో సరిపెట్టుకోవడం మెదడు నేర్చుకోగలదు. 1940లలో ఇంగ్లండులో చెవి వైద్యుడు కాథోర్న్, డాక్టర్ కుక్సీ కలిసి ఇటువంటి రోగులకు వ్యాయామాలు రూపొందించారు. తల, కళ్ళు కదిలిస్తూ తొందరగా లేచి తిరిగినవారు తొందరగా కోలుకుంటారని వారు గ్రహించారు. పదిమందిని ఒకచోట చేర్చి, బంతి విసురుకుంటూ, మెట్లు ఎక్కి దిగుతూ చేయించేవారు. నేటి వ్యాయామ చికిత్సకు ఇదే పునాది.

కదిలితే కొంచెం తిప్పుతుంది. ఆ తిప్పుడే మెదడుకు పాఠం. అందుచేత కళ్ళు తిరగకుండా ఇచ్చే మాత్రలు మొదటి కొద్దిరోజులకే. డాక్టరుగారిని అడగకుండా నెలల తరబడి మింగితే మెదడు నేర్చుకోవడం మందగిస్తుంది.

మెట్టు మెట్టుగా వ్యాయామం

సర్జన్‌గారు, ఫిజియోథెరపిస్టు అనుమతించిన తరువాతనే ప్రారంభించండి.

1. పడక మీద: తల నిలిపి కళ్ళు మాత్రమే పైకి, క్రిందికి, ప్రక్కలకు త్రిప్పండి.

2. కూర్చొని: గోడమీద క్యాలెండరులో ఒక అంకెపై చూపు నిలిపి, తలను మెల్లగా కుడి ఎడమలకు త్రిప్పండి. అంకె మసకబారనంత వేగంతో ఒక నిమిషం చేయండి. రోజుకు కనీసం మూడుసార్లుగా విడదీసి, మొత్తం 12 నిమిషాలు అయ్యేలా చూసుకోండి.

3. నిలబడి: గోడ మూలలో వీపు పెట్టి, ముందు కుర్చీ ఉంచి, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడండి. కుదిరినప్పుడు కొద్దిసేపు కళ్ళు మూయండి. ప్రక్కన మనిషి తప్పక ఉండాలి.

4. నడక: మొదట వసారాలో, తరువాత వీధిలో, తరువాత తల అటు ఇటు త్రిప్పి చూస్తూ నడవండి.

తిప్పుడు వచ్చి కొద్ది నిమిషాలలో సర్దుకుంటే మంచిదే. గంటల తరబడి ఉంటే ఆ రోజుకు తగ్గించి చేయండి. తీవ్రమైన తిప్పుడు చాలామందికి కొద్దిరోజులలో తగ్గుతుంది. నడక వారాలలో, నెలలలో కుదుటపడుతుంది. అలసినప్పుడు, చీకటిలో కొంత తూలు మిగలవచ్చు.

మన కొండలలో ప్రత్యేక జాగ్రత్తలు

చీకటిలో కళ్ళ సహాయం ఉండదు, రాళ్ళ బాటలో పాదాల కబురు నమ్మకంగా ఉండదు. కనుక రాత్రి బయటికి వెళ్ళేటప్పుడు టార్చిలైటు, చేతికర్ర తప్పనిసరి. పొలం గట్టుమీద ఒంటరిగా నడవవద్దు. చెట్లు, నిచ్చెనలు ఎక్కవద్దు. గెడ్డలో మునిగి స్నానం చేయవద్దు, నీటిలో పైకి ఏది, క్రిందికి ఏది అన్నది తెలియకపోవచ్చు. జీలుగు కల్లు, సారా బాగున్నవారినే తూలిస్తాయి. వీటిని పూర్తిగా మానండి. సర్జన్‌గారు చెప్పేవరకు కట్టెల మోపు, నీళ్ళ బిందె మోయవద్దు, బండి నడపవద్దు. పరీక్షలకు విశాఖ వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులలో ముందు సీటులో కూర్చొని దూరంగా రోడ్డునే చూడండి.

ఇంటివారికి నాలుగు మాటలు

చెయ్యి అందించండి, మోసుకెళ్ళవద్దు. ఒక చెవి వినబడదు గనుక బాగున్న చెవి వైపు నుండి మాట్లాడండి. ఆరాధనలో కూడా ఆ ప్రక్కనే కూర్చోండి. మాట ఎటునుండి వచ్చిందో వారికి తెలియదు, పలకలేదని కోపగించవద్దు. ఆ వైపు ముఖనరం బలహీనపడి కన్ను పూర్తిగా మూతపడకపోతే చుక్కల మందు మరువవద్దు. కన్ను చెడితే సమతూకానికి ఉన్న ఒక ఆధారం పోతుంది. తూలేవారి గురించి ఊరిలో ఎవరైనా తేలికగా మాట్లాడితే, ఇది నరం జబ్బు అని మీరే చెప్పండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ముక్కు నుండి గాని కుట్ల నుండి గాని నీరులాంటిది కారడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, భరించలేని తలనొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండడం, పిక్క వాచి నొప్పి పెట్టడం. వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి 108కి ఫోన్ చేయండి. బండి రాలేని ఊరైతే డోలీలో రోడ్డువరకు తీసుకురండి. తెల్లవారేవరకు ఆగవద్దు.

అపొస్తలుల కార్యములు మూడవ అధ్యాయములో పేతురు ఆ కుంటివానికి మాట చెప్పి ఊరుకోలేదు, కుడిచెయ్యి పట్టుకొని లేవనెత్తాడు. అతడు వెంటనే గంతులు వేశాడు. మన రోగులకు వారాలు, నెలలు పడుతుంది, కానీ చెయ్యి పట్టుకునేవారు వారికీ కావాలి. మీ సంఘములో ఇటువంటివారు ఉంటే వారికోసం ప్రార్థించండి. సాయంత్రం వెలుగు ఉండగానే ఒకరు వెళ్ళి, వారిని పది అడుగులు నడిపించి రండి.