డాక్టరు రాసిన మందుకు రెండో చూపు

పెద్దాసుపత్రుల్లో ఉదయం రౌండ్స్ వేళ డాక్టరు వెనకాల నడిచే తెల్లకోట్లలో ఒకరి చూపు కేస్‌షీటులోని మందుల పేజీ మీదే ఉంటుంది. మనం జూనియర్ డాక్టరనుకుంటాం. ఆ అమ్మాయో అబ్బాయో క్లినికల్ ఫార్మసిస్టు కావచ్చు. రాసిన మందు ఈ రోగికి తగినదేనా, మోతాదు ఎక్కువైందా, ఇంటి దగ్గర వాడుతున్న బిళ్లలతో దీనికి పొసగుతుందా అని చూసి, తేడా ఉంటే అక్కడికక్కడే డాక్టరుకు చెప్పడం వాళ్ల పని. ఈ పనికి కావలసిన చదువు చెప్పే కాలేజీలు తెలుగు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. చదివినవాళ్లు ఏం చేస్తారో తెలిసిన ఇళ్లు మాత్రం తక్కువ. అందుకే ఈ విశేషాలు.

తొమ్మిదో అంతస్తు

ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం కొత్తదేమీ కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా హాస్పిటల్ 1752లోనే జొనాథన్ రాబర్ట్స్ అనే ఆయన్ని ఆ పనికి పెట్టుకుంది. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు ఫార్మసిస్టు చోటు మందుల గదే. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో, వార్డు పక్కనే చిన్న ఫార్మసీ తెరిచి, ఫార్మసిస్టులు డాక్టర్లతో, నర్సులతో కలిసి పనిచేసే ఏర్పాటు చేశారు. క్లినికల్ ఫార్మసీ ఎక్కడ మొదలైందని అడిగితే ఆ రంగంవాళ్లు ఎక్కువగా చెప్పేది ఈ తొమ్మిదో అంతస్తు పేరే. అంతకు నాలుగేళ్ల ముందు, 1962లో, కెంటకీ యూనివర్సిటీలో డాక్టర్ల సందేహాలు తీర్చడానికి మొదటి డ్రగ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ వెలిసింది.

బనారస్ నుంచి మైసూరు దాకా

మన దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి ఫార్మసీ చదువుకు 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పునాది వేసినవారు మహాదేవ లాల్ ష్రాఫ్. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఫార్మసీ శాఖ వచ్చింది. అయితే ఆ చదువు చాలాకాలం మందు తయారీ చుట్టూ, ల్యాబు పరీక్షల చుట్టూ తిరిగింది. హైదరాబాద్‌లో పుట్టుకొచ్చిన మందుల కంపెనీలకు కావలసిందీ అదే. రోగి మంచం దగ్గర ఫార్మసిస్టు ఉండాలన్న ఆలోచన ఒక కోర్సుగా గట్టిపడింది 1990లలో, మైసూరు, ఊటీల్లోని జేఎస్ఎస్ కాలేజీలు ఫార్మసీ ప్రాక్టీసులో ఎం.ఫార్మసీ ప్రారంభించినప్పుడు. క్లినికల్ ఫార్మసిస్టులను తయారుచేసే ఆరేళ్ల ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు తెచ్చింది 2008లో.

ఆరేళ్ల చదువులో ఏముంది?

ఇంటర్లో బైపీసీ వాళ్లూ చేరవచ్చు, ఎంపీసీ వాళ్లూ చేరవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో దారి ఈఏపీసెట్. ఫార్మసీ డిప్లొమా చేసినవాళ్లకూ అర్హత ఉంది. మొదటి ఏడాది ఒక ముచ్చటైన ఏర్పాటుంది: ఇంటర్లో లెక్కలు చదివినవాళ్లు ఇక్కడ జీవశాస్త్రం, జీవశాస్త్రం చదివినవాళ్లు ఇక్కడ లెక్కలు నేర్చుకోవాలి. రెండింట్లో ఏది రాకపోయినా వార్డులో పని నడవదు.

అయిదేళ్లు చదువు, ఆరో ఏడు ఇంటర్న్‌షిప్. కోర్సు నడపాలంటే కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రి సొంతంగానో, ఒప్పందం మీదనో ఉండాలి. రెండు, మూడు, నాలుగు సంవత్సరాల్లో ఏడాదికి 50 గంటలకు తక్కువ కాకుండా ఆసుపత్రిలో గడపాలి. అయిదో ఏట రోజూ ఉదయం సగం పూట వార్డు రౌండ్సే. ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగిలిన ఆరు నెలలు రెండేసి చొప్పున మరో మూడు విభాగాల్లో. బీఫార్మసీ అయినవాళ్లకు ఇదే పట్టా మూడేళ్లలో దొరికే దారి కూడా ఉంది.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్న శిక్షణ, ఆసుపత్రి ఎంత మనసు పెడితే అంతే ఫలిస్తుంది. విద్యార్థిని పక్కన నిలబెట్టుకుని "ఈ డోసు ఎందుకు తగ్గించానో చెప్పు" అని అడిగే డాక్టరు ఒక్కరున్నా ఆ వార్డు నుంచి మంచి ఫార్మసిస్టు బయటికొస్తాడు. తల్లిదండ్రులు కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు క్లాసు గదుల కంటే ముందు ఆసుపత్రిని చూడాలి. పిల్లల్ని రౌండ్స్‌కు తీసుకెళ్తున్నారో లేదో సీనియర్లను అడగాలి.

రిపోర్టు నార్మలే, కిడ్నీ కాదు

ఇరవై అయిదేళ్ల యువకుడు, బరువు 72 కిలోలు. డెబ్బై అయిదేళ్ల అవ్వ, బరువు 48 కిలోలు. కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ ఇద్దరికీ రక్తంలో 1.2. రెండు రిపోర్టులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. క్లినికల్ ఫార్మసిస్టు అక్కడితో ఆగడు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ఒకటుంది. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించాలి. వచ్చినదాన్ని, 72తో గుణించిన క్రియాటినిన్ అంకెతో భాగించాలి. ఆడవాళ్లయితే చివర 0.85తో గుణించాలి. వేసి చూడండి. యువకుడి కిడ్నీలు నిమిషానికి దాదాపు 96 మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని శుభ్రం చేస్తున్నట్టు, అవ్వ కిడ్నీలు 31 మాత్రమే చేస్తున్నట్టు తేలుతుంది. మూడో వంతన్నమాట! అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ను ఇద్దరికీ ఒకే ఎడంలో ఇస్తే అవ్వ ఒంట్లో మందు పేరుకుపోతుంది. వినికిడి పోవచ్చు, ఉన్న కిడ్నీ కాస్తా దెబ్బతినవచ్చు. ఈ ఉద్యోగంలో రోజూ ఎక్కువగా జరిగే పని ఇలాంటి లెక్కే.

ఎర్ర మూత, నారింజ మూత

మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నుల్లో, కొన్ని సీసాల్లో వచ్చేది 100 యూనిట్లది. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. ఎర్ర మూత సిరంజితో 100 యూనిట్ల ఇన్సులిన్ లాగి 20 గీత దాకా నింపితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. డిశ్చార్జి రోజు ఫార్మసిస్టు సీసానూ సిరంజినీ పక్కపక్కన పెట్టి చూపించి, మీ చేత ఒకసారి లాగిస్తే విసుక్కోకండి.

భీమవరం బిడ్డ మందు, వారానికి ఒక్కసారే

క్లినికల్ ఫార్మసిస్టు చూడగానే ఒళ్లు దగ్గర పెట్టుకునే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని పుట్టుకలో తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి అడ్డుపడే అమైనాప్టెరిన్‌నూ అదే ప్రయోగశాల అందించింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గడం చూశాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ సంవత్సరమే. అమైనాప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్.

ఇప్పుడు కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ దీన్ని చిన్న మోతాదులో వారానికి ఒక్కరోజు మింగిస్తారు. చిక్కంతా ఇక్కడే. మన అలవాటు రోజుకో బిళ్ల. చీటీలో "వారానికి" అన్న మాట కంటపడకపోయినా, నర్సు పొరపాటున రోజూ ఇచ్చినా, కొద్దిరోజుల్లో నోరంతా పుండ్లవుతుంది, తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఈ పొరపాటుతో లోకంలో చాలా చోట్ల మనుషులు చనిపోయారు. అందుకే తెలిసిన ఫార్మసిస్టు "వారానికి ఒకసారి" అన్నదానితో సరిపెట్టుకోడు. "బుధవారం మాత్రమే" అని రోజు పేరు రాయిస్తాడు, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పంపిస్తాడు. మోతాదు మించితే విరుగుడుగా వాడే ల్యూకోవోరిన్ కూడా ఫోలిక్ ఆమ్లం కుటుంబంలోనిదే. తెలుగు రాష్ట్రాల్లో ఫార్మ్.డి చదివే ప్రతి విద్యార్థికీ సుబ్బారావు కథను ఈ జాగ్రత్తతో కలిపి చెప్పాలని నా కోరిక.

చిన్నవే, కానీ పెద్దవి

సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్‌ను కాల్షియం ఉన్న సెలైన్‌తో, అంటే రింగర్ లాక్టేట్ లాంటివాటితో కలపకూడదు. కలిస్తే గడ్డకట్టి రేణువులవుతుంది. పసికందుల్లో ఈ జోడీ ప్రాణాలు తీసింది.

ముక్కులో గొట్టం ఉన్న రోగికి బిళ్లలు నూరి పోస్తుంటారు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉంటే నూరకూడదు. రోజంతా నెమ్మదిగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా రక్తంలోకి దూకుతుంది.

ఆయాసానికి ఇచ్చే రోటాక్యాప్‌లను పరికరంలో పెట్టి పీల్చకుండా నీళ్లతో మింగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చేసి చూపించడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు ఎవరికీ లేకపోవడమే సమస్య.

ఎలుకల మందు నుంచి గుండె వార్డుకు

గుండె కవాటం మార్చినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ కథ అమెరికాలో పశువుల పాకలో మొదలవుతుంది. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిని ఆవులు నెత్తురు కారి చనిపోతుంటే విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం కారణం వెతికింది. అందులోంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కింది, 1954లో మనుషులకు అనుమతి పొందింది. దీన్ని వాడేవాళ్లకు తోటకూర, పాలకూర పూర్తిగా మాన్పించడం మన ఇళ్లలో మామూలు. క్లినికల్ ఫార్మసిస్టు చెప్పేది వేరు: మానకండి, రోజూ తినేంతే తినండి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఒకవారం ఎక్కువ, ఒకవారం సున్నా అయితేనే, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్ఆర్ గతి తప్పుతుంది.

పది ప్రశ్నల పరీక్ష

మందు వేసుకున్నాక దద్దుర్లు వచ్చాయి. మందు వల్లేనా? 1981లో వచ్చిన నరాంజో స్కేల్ పది ప్రశ్నలడిగి మార్కులేస్తుంది. మందు ఆపితే తగ్గిందా? మళ్లీ ఇస్తే తిరిగొచ్చిందా? జబ్బే కారణం కావచ్చా? తొమ్మిదో, అంతకు మించో మార్కులు వస్తే మందు వల్లేనని తేలుస్తారు. అయిదో ఏట వార్డులో తిరిగే విద్యార్థులకు ఈ ప్రశ్నలు నోటికి వచ్చేస్తాయి.

పట్టా చేతికొచ్చాక

అమెరికాలో ఫార్మసిస్టు కావాలనుకునే విదేశీ పట్టభద్రులు ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష రాయాలి. 2003 నుంచి పట్టా పొందినవాళ్లకు కనీసం అయిదేళ్ల కోర్సు ఉండాలన్నది షరతు. నాలుగేళ్ల బీఫార్మసీ అక్కడ చాలదు. మన పిల్లలు ఫార్మ్.డి వైపు మొగ్గడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టులు 2006 నుంచి సొంతంగా మందులు రాయగలరు. మన దేశంలో ఆ అధికారం లేదు. ఇక్కడ వాళ్ల పని సలహా ఇవ్వడం, రాసి నమోదు చేయడం.

ఆసుపత్రుల నాణ్యతను చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ప్రమాణాల్లో మందుల నిర్వహణ మీద విడిగా ఒక అధ్యాయమే ఉంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు కనిపించడానికి అది ఒక కారణం. చాలామంది మాత్రం హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో మందుల దుష్ప్రభావాల నివేదికలు పరిశీలించే ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారు. అదీ అవసరమైన పనే. కానీ వార్డు కోసం ఆరేళ్లు తయారైన మనిషి వార్డుకు దూరమవుతుంటే నాకు బాధగా ఉంటుంది. అవ్వ కిడ్నీ లెక్క వేయాల్సిన చోటు పెద్ద ప్రభుత్వాసుపత్రే. రోగుల తాకిడి అక్కడ ఎక్కువ, ఒక్కో రోగికి డాక్టరు ఇవ్వగల సమయం తక్కువ. బోధనాసుపత్రి ప్రతి మెడిసిన్ వార్డుకూ ఒక క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు ఉండి తీరాలి.

మీ వంతు

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. బీపీ బిళ్లలు, దుకాణంలో అడిగి కొన్న నొప్పి మాత్రలు, ఆయుర్వేద చూర్ణాలు, కళ్లలో వేసే చుక్కలు, అన్నీ. ఇక్కడ క్లినికల్ ఫార్మసిస్టు ఉన్నారా అని అడగండి. ఉంటే ఆ సంచి వారి ముందు విప్పండి. మందు వల్ల ఇబ్బంది వచ్చిందనిపిస్తే మీరే నేరుగా చెప్పవచ్చు. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. వినియోగదారులు నింపే ఫారం తెలుగులోనూ దొరుకుతుంది.