ఆకలి పుట్టించే సూది

గత సంవత్సరం వర్షాకాలంలో ఒక తల్లి తన 26 ఏండ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని అచ్యుతాపురంలోని మా వైద్యశాలకు వచ్చింది. "ఆచారిగారూ, మా అబ్బాయికి ఆకలి ఆగడం లేదండి. అర్ధరాత్రి లేచి గిన్నె ఊడ్చేస్తున్నాడు. అన్నం చాలక మా ఆయన టిఫిను కూడా తినేస్తున్నాడు" అన్నది. ఆ యువకుడు ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో ఒక మందుల కర్మాగారంలో ఉద్యోగి. దృఢకాయుడు. నాడి చూచితిని, నాలుక చూచితిని, భస్మకమని నిర్ణయించితిని. తీక్ష్ణమైన అగ్నిని గురువైన ఆహారంతో శమింపజేయవలెనని గురుకులంలో నేర్చిన విధంగా నెయ్యి, పాలు, పాయసము చెప్పి పంపితిని. అడుగవలసిన ప్రశ్న ఒకటి అడుగలేదు. అది నా పొరపాటు.

మూడు వారాల తరువాత ఒంటరిగా వచ్చాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనీ, ఉదయానికి చేతి ఉంగరం బిగుసుకుంటున్నదనీ చెప్పాడు. పరగడుపున రక్తంలో చక్కెర 118 ఉన్నది. అప్పుడు జేబులోనుండి చిన్న గాజు సీసా తీశాడు. అడుగున తెల్లని పొడి, పైన ఇంగ్లీషులో "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అన్న చీటీ. జిమ్‌లో ఎవరో ఇచ్చారట. దానిని నీటిలో కరగించి ఇన్సులిన్ సూదితో రోజుకు మూడుసార్లు పొట్ట చర్మం క్రింద పొడుచుకుంటున్నాడు. కర్మాగారంలో బ్యాచి సంఖ్య లేని డ్రమ్మును గేటు దాటనివ్వని మనిషి, ఊరూ పేరూ లేని పొడిని తన ఒంటిలోనికి ఎక్కించుకున్నాడు!

ఆ పొడి పేరు జి.హెచ్.ఆర్.పి.-6. పెరుగుదల హార్మోనును విడుదల చేయించే పెప్టైడు. పెప్టైడు అనగా అమైనో ఆమ్లాలను పూసలవలె గుచ్చిన చిన్న దండ. పెరుగుదల హార్మోనులో 191 పూసలు ఉంటే దీనిలో ఆరే. ఇది హార్మోను కాదు. మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథిని తట్టి హార్మోనును బయటకు తీయిస్తుంది. అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బవర్స్ బృందం 1980వ దశకంలో దీనిని రూపొందించింది. విచిత్రమేమనగా తాళంచెవి ముందు తయారైనది, తాళం 1996లో దొరికినది, ప్రకృతి చేసిన అసలు తాళంచెవి 1999లో జపానులో బయటపడినది. దానిని కోజిమా, కంగావా అనే శాస్త్రజ్ఞులు ఎలుక జీర్ణాశయంలో కనుగొని గ్రెలిన్ అని పేరు పెట్టారు. అది ఆకలిని పుట్టించే హార్మోను! మా రోగి అర్ధరాత్రి ఆకలి రహస్యం ఇదే. అగ్నికీ బలానికీ సంబంధమున్నదని మన ఆచార్యులు చెప్పిన మాట నిజమే గాని, గ్రెలిన్ మనకు ముందే తెలుసునని గొప్పలు పోవడం నాకు నచ్చదు.

ఇక పరిశోధనల సంగతి. 1990లో రుడ్‌మన్ అనే అమెరికా వైద్యుడు 60 ఏండ్లు దాటిన 12 మందికి ఆరు నెలలు పెరుగుదల హార్మోనునే ఇచ్చి చూశాడు. కొవ్వు తగ్గి కండ పెరిగినది. యౌవనం తిరిగి వస్తుందన్న ప్రచారానికి ఆ ఒక్క వ్యాసమే పునాది. గ్రెలిన్ తాళాన్నే తెరిచే ఐబుటామోరెన్ అనే మాత్రను 65 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులపై రెండేండ్లు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదికి కండ బరువు సుమారు 1.1 కిలోలు పెరిగినది; బలం మాత్రం పెరగలేదు, నడక మెరుగుపడలేదు. పరగడుపు చక్కెర సగటున 5 మిల్లీగ్రాములు పెరిగినది. తుంటి ఎముక విరిగిన వృద్ధులపై అదే మాత్రతో జరిపిన మరొక పరీక్షను గుండె వైఫల్య సూచనలు కనబడి మధ్యలోనే నిలిపివేశారు. కండ వేరు, బలం వేరు. కొలబద్దకు అందేది ఒకటి, బస్తా ఎత్తినప్పుడు తెలిసేది మరొకటి.

ఈ జాతి ఔషధాలన్నీ వ్యర్థమని నా భావం కాదు. జపానులో జి.హెచ్.ఆర్.పి.-2ను హార్మోను లోపాన్ని నిర్ధారించే పరీక్షకు వాడుతున్నారు; అదే పరీక్షకు అమెరికాలో 2017లో మాసిమోరెలిన్‌ను అనుమతించారు. హెచ్.ఐ.వి. రోగుల పొట్టలో పేరుకొనే కొవ్వుకు టెసామోరెలిన్‌ను అమెరికాలో 2010లో అనుమతించారు. పిల్లవాడు ఎత్తు పెరగడం లేదని దిగులుపడే తల్లిదండ్రులు చూర్ణాలకోసం నావద్దకు రాక ముందుగా హార్మోను వైద్యుణ్ణి చూడవలెను. నిజంగా లోపమున్నచో చికిత్స కలదు; ఎముకల చివరలు మూసుకొన్న పిమ్మట ఏ సూదీ ఎత్తు పెంచదు. క్రీడాకారులకైతే ఈ పెప్టైడులు పోటీ ఉన్నా లేకున్నా నిషిద్ధమే. విజయనగరం వద్ద కొండవెలగాడలో ఇంటింటా బరువులెత్తే పిల్లలున్నారు. సిడ్నీలో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. అటువంటి ప్రాంతంలో ఈ సీసా తిరుగుతున్నదంటే నాకు నిద్ర పట్టదు.

నిద్ర అన్నాను గనుక చెబుతాను. పెరుగుదల హార్మోను అధికంగా వెలువడేది రాత్రి తొలి గాఢనిద్రలోనే. వ్యాయామం దానిని పెంచుతుంది, చక్కెర అణచుతుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, తీపి టీ త్రాగి, ఫోను చూచుకొంటూ తెల్లవార్చే యువకుడు చేతికందే హార్మోనును పోగొట్టుకొని సీసాలో వెతుకుతున్నాడు.

ఆ యువకునిచేత సూది మాన్పించితిని, నేను చెప్పిన పాయసము కూడా. షిఫ్టు దిగిన వెంటనే గది చీకటి చేసి ఏడు గంటలు నిద్ర, ఉదయం మజ్జిగతో చోడి అంబలి, మధ్యాహ్నం ఉలవచారు, అర్ధశక్తి వరకే వ్యాయామం. ఆకలి పది రోజులలో దారికి వచ్చినది. తిమ్మిరి తగ్గడానికి నెలన్నర పట్టినది. రెండు నెలలకు చక్కెర 97.

బలహీనులు అశ్వగంధ చూర్ణం 3 గ్రాములు గోరువెచ్చని పాలతో రాత్రి పుచ్చుకొనవచ్చును. ఇది పెరుగుదల హార్మోనును పెంచుతుందని నేననను. నిద్రకూ బలానికీ తోడ్పడుతుందన్నది నా అనుభవం. గర్భిణులు, థైరాయిడ్ మాత్రలు వాడేవారు, కాలేయవ్యాధి ఉన్నవారు వాడరాదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.